తండ్రిని కొండకు చేర్చిన రోజు

ఉత్తరధ్రువానికి దగ్గరి చుకోత్కా తీరంలో ఇప్పుడు సముద్రం గడ్డకట్టదు. ఏడాది పొడుగునా ఓడలొస్తాయి, రేవులో పనికి లోటులేదు. కానీ మంచునేల కరిగి ఒడ్డు కోసుకుపోతోంది. అందుకే ఊరివాళ్లు వేసవిలో సమాధులు తవ్వి, తమవాళ్లను కొండమీదికి చేర్చుకుంటున్నారు.

ఈ ఏడు తిమొఫేయ్ వంతు వచ్చింది. అతను పుట్టకముందే తండ్రి వేటలో పోయాడు.

పైకి తీస్తుంటే పెట్టె మూత విడిపోయింది. లోపల తండ్రి, ఇన్నేళ్లూ మంచునేలలో గడ్డకట్టి చెక్కుచెదరని పాతికేళ్ల కుర్రాడు. తిమొఫేయ్‌కి అరవై దాటాయి.

"నువ్వు చూడకమ్మా."

తల్లి యెవ్దొకియా వినలేదు. భర్త జుట్టు సవరించబోయి, తన ముడతల చేతిని చూసుకుని ఆగిపోయింది.

"నన్ను గుర్తుపడతాడంటావా, నాయనా?"

"నిన్ను గుర్తుపడతాడమ్మా. నేనెవరో నువ్వే చెప్పాలి."

ఆమె వంగింది. "ఇదుగోనయ్యా, నీ కొడుకు," అంది.