నాభి మీదుగా ఒక జ్యా

“మళ్ళీ పైకేనా?” అన్నారు మాష్టారు, భార్య చేతిలో పలక చూసి.

“ఎంతసేపండీ, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను. లైటు వేసే ఉంచాను. తలుపు గడియ మాత్రం పెట్టుకోకండి.”

“ఏం, నేనేమన్నా చంటిపిల్లాడినా?”

ఆవిడ నవ్వి, కొంగుతో పలక తుడుచుకుంటూ మెట్లెక్కింది.

పై వాటాలో కుర్ర లెక్చరరు ఒకడు అద్దెకుంటున్నాడు. కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఈ వయసులో ఆవిడకి జ్యామితి మీద మనసు పుట్టింది. పుడితే పుట్టింది, సంతోషమే. కానీ ఎంతమంది పిల్లలకో లెక్కలు చెప్పి తల నెరిసిన మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఆ కుర్రాడి దగ్గర నేర్చుకోవడమేమిటి? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

అసలు ఆవిడ చేత అక్షరాలు దిద్దించిందెవరు? పిల్లలు ఎవరి కాపురాలకి వాళ్ళు వెళ్ళాక, వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని ‘అ’ రాయించింది మాష్టారే. మొదటిసారి తన పేరు తానే రాసుకుని ఆవిడ ఆయన వంక చూసిన చూపు ఉందే, దాన్ని ఆయన ఇంకెవరికీ పంచదలచుకోలేదు. ఇప్పుడా చూపు కాస్తా మెట్లెక్కి పోతోంది.

పైనుంచి మాటలు వినిపించాయి.

“మొదటి సగం నాకు తెలుసు బాబూ. ఆ తర్వాతది చెప్పు చాలు.”

మొదటి సగం తెలుసట! ఎవరు చెప్పారు? తను చెప్పలేదే!

“భేష్ పిన్నిగారూ, ఇట్టే పట్టేశారు!”

మాష్టారు చివాల్న లేచారు. తను ఏనాడైనా ఆవిడని భేష్ అన్నారా? లేదు, తప్పులు దిద్దారు. వాడిదేం పోయింది, తేరగా భేష్‌లు పంచిపెడుతున్నాడు!

ఇవాళ తాడో పేడో తేలిపోవాలి. చొక్కా తగిలించుకుని జేబులో చెయ్యి పెడితే సుద్దముక్క తగిలింది. మంచిదే, ఆయుధం దగ్గరే ఉంది.

పై గది గుమ్మంలో అడుగు పెట్టగానే కంటపడింది గొడుగు. పొద్దుటినుంచీ ఇల్లంతా వెతుక్కున్న తన గొడుగు, పిడికి తను చుట్టుకున్న ఎర్రదారంతో సహా, వాడి గోడకి వేలాడుతోంది! అంటే భార్యతోబాటు గొడుగు కూడా పైకి చేరిందన్నమాట.

“రండి మాష్టారూ, కూర్చోండి.” కుర్రాడు లేచి వాలుకుర్చీ చూపించాడు. బల్ల మీద మూడు కప్పుల టీ పొగలు కక్కుతోంది. మూడోది ఏ పెద్దమనిషి కోసమో!

“కూర్చోడానికి రాలేదు నేను,” అంటూ మాష్టారు నల్లబల్ల వైపు తిరిగి, నిలువునా మండిపోయారు.

బల్ల మీద పరావలయం గిన్నెలా నోరు పైకి పెట్టుకుని ఉంది. పుస్తకాల్లో అది పక్కకి పడుకుని ఉంటుంది. గిన్నెలా నిలబెట్టడం మాష్టారి సొంత పద్ధతి. “గిన్నెలో నీళ్ళు నిలవాలి, బుర్రలో లెక్క నిలవాలి” అని బడిలో చెప్పేవారు. గిన్నె లోపల నాభి బిందువు దగ్గర రాసిన ‘ఎస్’కి కింద చిన్న తోక. అదీ ఆయన తోకే! ఆవిడ చేరవెయ్యకపోతే వీడికెలా తెలుస్తుంది?

“ఏమిటోయ్, ఏం వెలగబెడుతున్నారు?”

“నాభి మీదుగా ఈ అంచునుంచి ఆ అంచుకి గీసిన జ్యా, మాష్టారూ. దాని రెండు కొసల దగ్గరా స్పర్శరేఖలు గీస్తే అవి లంబకోణంలో కలుస్తాయని.”

“లంబకోణమా! బడిలో నన్ను పిల్లలేమని పిలిచేవారో తెలుసా నీకు?”

“లంబకోణం మాష్టారని,” అన్నాడు కుర్రాడు ఠక్కున.

అదీ చెప్పేసిందా! మాష్టారు భార్య వంక ఉరిమి చూశారు. “తప్పుకో. దీన్ని ఎలా చెప్పాలో చూపిస్తాను. నువ్వూ చూడవే, చూసి తేల్చుకో ఎవరు గొప్పో.”

సుద్ద పట్టుకోగానే ఆయన నడుం నిటారైంది, గొంతు పదునెక్కింది.

“జ్యాకి ఈ కొస పి. ఇక్కణ్ణించి గిన్నె కింద అడ్డంగా ఉన్న నియతరేఖకి లంబం దించు. అది ఎం. ఇది పరావలయం కనక పి ఎస్, పి ఎం సమానం. పి దగ్గరి స్పర్శరేఖ ఆ రెంటి మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేస్తుంది. అది పోయి నియతరేఖని టి దగ్గర తాకిందనుకో. ఈ రెండు త్రిభుజాలూ అచ్చు కవలపిల్లలు. ఎం దగ్గర లంబకోణం ఉంది కనక, ఎస్ దగ్గరా లంబకోణమే. కనక...”

సుద్ద బల్లకి ఆనుకుని నిలబడిపోయింది.

“కనక...” అన్నారు మళ్ళీ. వీధిలో ఎవరిదో సైకిల్ బెల్లు మోగింది. కుర్రాడు కిటికీలోంచి ఆ సైకిలునే చూస్తున్నాడు.

“కనక అటు కొసనుంచి వచ్చినా అంతేనండీ,” అంది ఆవిడ మెల్లిగా. “ఎస్ దగ్గర జ్యాకి లంబం ఒక్కటే. అది నియతరేఖని ఒక్కచోటే తాకుతుంది. అందుకని రెండో స్పర్శరేఖ కూడా టి దగ్గరికే రావాలి. టి దగ్గర ఆ లంబానికి అటూ ఇటూ ఉన్న కోణాల్ని స్పర్శరేఖలు సగం సగం చేస్తాయి. సరళకోణంలో సగం, లంబకోణం.”

ఒక్క మెట్టు దగ్గరైనా తడబడలేదు! మాష్టారి చెవులు వేడెక్కాయి.

“బాగానే నూరిపోశాడు! ఎవరికోసం నేర్చుకున్నావే ఇదంతా? వీడి భేష్ కోసమా?”

ఆవిడ లేచి వచ్చింది. ఆయన వేళ్ళమధ్యనుంచి సుద్దముక్క తీసి ఆయన జేబులోనే వేసింది. కొంగుతో ఆ వేళ్ళు తుడిచింది.

“మీరు రోజూ పైకొచ్చి ఇక్కడే ఆగిపోతున్నారండీ.”