సిఫ్ జడ

"నీ జడేదే?"

బ్యాగు భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయింది శ్రావ్య. పొద్దున నడుము దాటి వేలాడిన జడ లేదు. జుట్టు మెడ దగ్గరికి కురచగా కత్తిరించి ఉంది.

"టర్మ్ చివర స్కూల్లో డ్రామా అమ్మా. నేను సిఫ్. నార్వే వైపు వాళ్ల పాతకాలం గాడెస్. లోకీ అని ఒకడు, నిద్రలో ఆమె జుట్టంతా కట్ చేసేస్తాడు. రియల్‌గా ఉండాలని నేనూ..."

"కోసిన జడ ఏదీ?"

"బిన్‌లో వేసేశా."

వసుంధర మంచం మీద కూలబడింది. కీమో మొదలయ్యాక ఆమె తలమీద వెంట్రుక మిగల్లేదు. వాళ్లుండే క్వేకర్స్ హిల్‌లో ఏ తెలుగువాళ్లింట పూజైనా ముందుండే మనిషి, అప్పట్నుంచి గడప దాటలేదు. కూతురికి నూనె రాసి జడ వెయ్యడమొక్కటే ఆమెకి మిగిలిన సరదా. కొసలు కత్తిరిద్దామన్నా ఒప్పుకునేది కాదు.

"నాది పోయినా నీది చూసుకుని బతుకుతున్నానే" అంది.

చివరికి మరుగుజ్జులు సిఫ్‌కి కొత్త జుట్టు నేసి ఇస్తారనీ, తలకి తగలగానే అది సొంత జుట్టైపోతుందనీ శ్రావ్య గొణిగింది.

"నీ కథలు నాకొద్దు. నా కళ్ల ముందుండకు."

ఆ రోజు నుంచి వసుంధర కూతురితో మాట మానేసింది. కంచంలో అన్నం పెట్టి, మొహం తిప్పుకునేది. శ్రావ్య తల వంచుకుని తినేది.

టర్మ్ చివరికొచ్చింది. పెళ్లికూతుళ్లకి జడలు కట్టే మంగతాయారు ఒక సాయంత్రం అట్టపెట్టె తెచ్చిచ్చింది. అందులో నడుము దాటేంత పొడవైన విగ్గు. ఎవరో పిల్ల ఇచ్చిన జుట్టుతో కట్టానంది.

వసుంధర అది పెట్టుకుంది. ఆమె వేళ్లు అద్దం అక్కర్లేకుండానే పాయలు తీసి జడ అల్లేశాయి. ఆ పిల్ల చల్లగా ఉండాలని కళ్లు తుడుచుకుంది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న కూతురు కనబడగానే గొంతు మారిపోయింది.

"ముక్కూ మొహం తెలియని పిల్ల నాకోసం జుట్టిచ్చింది. నా కడుపున పుట్టిన నువ్వు చెత్తలో పారేశావు."

శ్రావ్య దగ్గరికొచ్చి జడ కొస సర్దింది. "నీకే బాగుందమ్మా" అని లోపలికి వెళ్లిపోయింది.

తెల్లారేసరికి వసుంధర మనసు కరిగింది. ఎంతైనా పసిది. ఈ జడ వేసుకుని, ముందు వరసలో కూర్చుని దాని నాటకం చూడాలనుకుంది. సిఫ్‌కి కట్టడానికని బంగారు రంగు పట్టుచీర తీసి మంచం మీద పరిచింది. శ్రావ్య బడికి వెళ్లాక, నాటకం ఎన్నింటికో కనుక్కుందామని స్కూలు ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఏ నాటకం?" అన్నారు వాళ్లు.