సగం జత

“అంటే, ఒంటి చెప్పు కూడా చేసేస్తుందా అండీ ఆ మిషను?” ఉషశ్రీ మళ్ళీ అడిగింది.

“ఏ కాలికి ఆ కాలికే చేస్తుందమ్మా,” అంది కుల్సుమ్ కౌంటరు వెనక కుర్చీలోంచి. “మా అబ్బాయి నదీమ్ ఏలూరులో పెట్టాడు కదా. పొర మీద పొర పోసుకుంటూ అచ్చు కడుతుందట. ఆ అచ్చులో మెత్తటి రబ్బరు పోస్తారు. ఇదిగో ఈ సోలు, నొక్కి చూడు.”

ఉషశ్రీ ఆ సోలును చేతిలోకి తీసుకుంది. పక్కనుంచి చూస్తే తేనెపట్టులా సన్నటి గదులు. మడమ దగ్గర గట్టిగా ఉంది, వేళ్ళ దగ్గర వేలు దిగిపోయేంత మెత్తగా ఉంది.

“పొట్టికాలికి కావలసిన ఎత్తు కూడా అందులోనే పెడతారు. బరువుండదు. నడిస్తే భుజం ఒరగదు. కొలత ఇస్తే చాలు. ఆ స్టూలు పక్కన అద్దం పలక ఉంది చూశావా, దాని మీద కాలు పెట్టు.”

సంతోషపడాల్సిన మాటే. కానీ ఉషశ్రీ పలక వైపు కదల్లేదు.

ఆమెకు కుడికాలికి ఏడో నంబరు చెప్పు పడుతుంది, ఎడమకాలికి నాలుగు. చిన్నప్పుడు వచ్చిన పోలియో. చెప్పులు కావాలంటే రెండు జతలు కొని, అందులోంచి చెరొకటి వేసుకుని, మిగిలినవి పారేయాలి. గూడెం బజారులోని ఈ చెప్పుల కొట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు కుల్సుమ్ ఆ కాళ్ళ వంక చూసి అంది: “నీకు సరిగ్గా తిరగేసినట్టుండే ఒకావిడ ఉందమ్మా, కొల్లేరు వైపు. ఆవిడకి ఎడమది ఏడు, కుడిది నాలుగు. రెండు జతలూ మీ ఇద్దరూ పంచుకోకూడదూ?”

అప్పటినుంచి పంచుకుంటూనే ఉన్నారు. ఆవిడ ఎవరో ఉషశ్రీ చూడలేదు. నడక ఎవరికీ చూపించడం ఆవిడకి ఇష్టం లేదని కుల్సుమ్ చెప్పింది. రంగు దగ్గర మాత్రం ప్రతిసారీ బేరమే. ఉషశ్రీ నలుపంటే ఆవిడ మెరూన్ అనేది. చివరికి ఎవరో ఒకరు తగ్గేవారు. ఉషశ్రీ ఆవకాయ సీసా ఇచ్చి వెళితే, తరవాత వచ్చినప్పుడు కౌంటరు మీద ఎండురొయ్యల పొట్లం ఉండేది. “వానకి నీ కాలు లాగుతోందా అని అడిగిందమ్మా ఆవిడ” అనేది కుల్సుమ్.

పెంటపాడు రైసుమిల్లులో లారీలు తూచే కాటా గదిలో పని ఉషశ్రీది. లారీవాళ్ళు కిటికీలోంచి చెయ్యి పెట్టి చీటీ అందుకుంటారు, లోపల ఎవరున్నారో చూడరు. సాయంత్రం తన అద్దె గదికి వెళ్ళి తాళం తీస్తే పలకరించే మనిషి లేదు. వానపడి ఎడమకాలు లాగినప్పుడల్లా, ఎక్కడో ఒక కుడికాలు కూడా ఇలాగే లాగుతూ ఉంటుందనుకునేది. అంతే, కాస్త తేలికయ్యేది.

కొట్టులోకి ఒకామె వచ్చి ఇంట్లోకి వేసుకునే చెప్పులు అడిగింది.

“పై అరలో ఉన్నాయి, నువ్వే తీసుకోమ్మా.”

“సింహాసనం దిగరు కదా మహారాణీగారు!”

“దిగితే ఎవరో ఒకరు ఎక్కేస్తారే!” అంది కుల్సుమ్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె చెప్పులు తీసుకుని వెళ్ళిపోయింది.

ఉషశ్రీ సోలును కౌంటరు మీద పెట్టేసింది. “ఆవిడకి తెలుసా అండీ, ఈ మిషను సంగతి?”

“తెలుసు. వద్దంది.”

“వద్దందా! ఎందుకట?”

“పాత పద్ధతే బాగుందంది.”

ఉషశ్రీకి ప్రాణం లేచొచ్చినట్టయింది. “అయితే నాకూ వద్దండీ. ఈసారి మెరూనే తీసుకుందాం, ఆవిడ ఇష్టమే కానివ్వండి.”

“నువ్వెందుకు మానుకుంటావు? నువ్వు చేయించుకో.”

“నేను చేయించుకుంటే ఆవిడకి జత ఎవరండీ?”

కుల్సుమ్ తుడిచిన కౌంటరునే మళ్ళీ తుడిచింది.

“అయినా ఆవిడకి నొప్పేమీ ఉండదా?” అంది ఉషశ్రీ.

“ఎందుకుండదు? ఈ వానలకి మడమ చిట్లిపోయింది. నేల మీద ఆనించలేకపోతోంది.”

ఉషశ్రీ తలెత్తింది. తన ముఖం మీద ఇంకా మిగిలి ఉన్న నవ్వుకి ఆమెకే సిగ్గేసింది.

“మడమ చిట్లిపోయినా వద్దందా?”

“జత విడిపోతుందని భయమేమోనమ్మా. ఆవిడకి మాత్రం ఎవరున్నారు? కొడుకు తన పనిలో తను. మాట్లాడేవాళ్ళంతా చెప్పుల గురించే మాట్లాడి పోతారు.”

బయట ఆటోవాడు ‘పెంటపాడు, పెంటపాడు’ అని అరుస్తున్నాడు. ఉషశ్రీ వెళ్ళలేదు. సోలును మళ్ళీ చేతిలోకి తీసుకుని, మడమ ఆనేచోట బొటనవేలితో నొక్కింది. అది దిగి, నెమ్మదిగా పైకి లేచింది.

“ముందు ఆవిడకి చేయించండి,” అంది. “నాది తరవాత చూద్దాం.”

“మరి జత?”

“పోనివ్వండి.” ఆమె సోలును కౌంటరు మీద కుల్సుమ్ వైపు జరిపింది. “వానపడినప్పుడు మాత్రం నా కాలు ఎలా ఉందో అడగమనండి. అది మానెయ్యొద్దనండి.”

“ఆవిడ ఒప్పుకోదమ్మా.”

“నేను అడిగానని చెప్పండి. పోనీ ఒకసారి ఇక్కడికి రమ్మనండి, నేనే బతిమాలతాను. నడవక్కర్లేదు. కూర్చునే మాట్లాడుకుందాం.”

కుల్సుమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“షట్టరు సగం దించమ్మా.”

కొట్టు కట్టేస్తోంది కాబోలనుకుని ఉషశ్రీ షట్టరు దించింది.

“ఆ పలక కూడా ఇటు నా కుర్చీ దగ్గరికి జరుపు.”

లోపల దాచేస్తుందేమోననుకుని ఉషశ్రీ అద్దం పలకను కౌంటరు కిందినుంచి అవతలికి జరిపింది.

కుల్సుమ్ చీర అంచు కాస్త పైకెత్తి, తన చిన్న కుడిపాదాన్ని దాని మీద పెట్టింది.