అట్ట మీది పాప

దేశాన్నేలిన పెద్దాయన విమానం కూలి పోయి నలభై ఐదేళ్ళయింది. ఆ నెలలోనే అచ్చయిన స్మారక సంచిక కోసం జనం ఇప్పటికీ పాత పుస్తకాల షాపుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

తుమ్ములాయన షాపుకైతే మరీనూ. పాతికేళ్ళుగా దుమ్ములో కూర్చుని తుమ్మి తుమ్మి ఆయనకా పేరొచ్చింది. వచ్చినవాళ్ళు ఊరికే కొనుక్కుపోరు. ముందు తమ చిన్నతనాన్నంతా ఆయన బల్ల మీద పరుస్తారు. పెద్దాయన పోయాడని రెండు రోజులు మెతుకు ముట్టలేదన్నాడు ఒకాయన. పుట్టినతేదీ అడిగితే అప్పటికి ఆయనకింకా పళ్ళే రాలేదని తేలింది. బడికి వారం రోజులు సెలవిచ్చారని ఎగిరి గంతేసినవాడు మాత్రం ఇంతవరకూ ఒక్కడూ తగల్లేదు.

సంచిక అట్ట మీద ఒక ఫొటో. శవయాత్ర చూడ్డానికి వచ్చిన జనం ముందు, పువ్వుల గౌనులో ఐదేళ్ళ పాప. ముక్కు కారిపోతూ, కొండగుహంత నోరు తెరిచి ఏడుస్తోంది. కింద ‘దేశం కన్నీరు’ అని పెద్ద అక్షరాలు. ఆ పాప ఎవరో పత్రికవాళ్ళు రాయలేదు. అందుకే ‘అది నేనే’ అంటూ ఇప్పటికి పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చారు. తుమ్ములాయన ఎవర్నీ కాదనలేదు. అందరికీ కుర్చీ వేశాడు. కాదంటే కొనరు కదా!

ఇక మిగిలింది ఒక్క కాపీ. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని ఒక లాయరు గట్టిగా చెప్పి ఉంచాడు.

మధ్యాహ్నం బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ల సంచి.

“పెద్దాయన సంచిక ఉందాండీ? అట్ట మీద పాప ఉంటుందే...”

“మీరేనా?” అన్నాడు తుమ్ములాయన, అలవాటుగా కుర్చీ లాగుతూ.

“కాదండీ. అదే గొడవ.”

రాబోయిన తుమ్ము కాస్తా ఆగిపోయింది ఆయనకి. కాదన్న మనిషిని చూడటం అదే మొదటిసారి.

“అది నువ్వేనే అంటూ మా అమ్మ ఆ అట్టని గోడకి తగిలించిందండీ. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. మొన్న మా అన్నయ్య నోరు జారాడు. ఆ రోజు నాకు గవదబిళ్ళలట. బుగ్గలు గుమ్మడికాయల్లా వాచి మంచమే దిగలేదట.”

“మరి పుస్తకం ఎందుకమ్మా?”

ఆమె టికెట్ల సంచి సర్దుకుంది.

“అమ్మకి ఇప్పుడేదీ గుర్తుండట్లేదు. నన్ను చూసి ఎవరమ్మా నువ్వు, ఈ బస్సు ఎక్కడికి పోతుందంటుంది. ఆ బొమ్మ చూస్తే మాత్రం మా చిట్టి అంటుంది. వానకి గోడ చెమ్మెక్కి అట్ట పాడైపోయింది. మూడు రోజుల్నుంచీ చిట్టి ఏదీ అని ఇల్లంతా వెతుకుతోంది. ఎదురుగా నేనుండగానే.”

తుమ్ములాయన లేచి లోపలి అర నుంచి పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“నిజం చెప్పండి. నా పోలికలు కాస్తయినా ఉన్నాయా? లేకపోతే ఇది తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టడం మోసం కదండీ.”

పదకొండు మందికి నోటికొచ్చిందల్లా చెప్పిన మనిషి ఈసారి పుస్తకాన్ని వెలుతురుకి తిప్పాడు. ఫొటో చూశాడు. ఆమెను చూశాడు.

“మీ అన్నయ్యకి అప్పుడెన్నేళ్ళు?”

“ఏడండీ.”

“ఏడేళ్ళవాడి మాట పట్టుకుని కన్నతల్లి మాట కాదంటారా? ఆ పాప మీరేనమ్మా. అనుమానమే లేదు.”

“మీకెలా తెలుసు?”

“నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఎన్నేళ్ళుగా చూస్తున్నాను ఈ మొహాన్ని!”

కండక్టరమ్మ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, అంత మనిషీ చిన్నపిల్లలా భోరుమంది. తేరుకుని డబ్బు తీయబోతుంటే, తుమ్మొచ్చినట్టు నటిస్తూ ఆయన బీరువాల వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. లాయరుకి ఏ అబద్ధం చెప్పాలో సాయంత్రం చూసుకోవచ్చు. ముందు తన అక్కకి ఫోన్ చేశాడు.

“అక్కా, నిక్కరు తడుపుకున్నానని నీ గౌను తొడిగి నన్ను రోడ్డు మీద నిలబెడితే ఎవడో ఫొటో తీసి అట్ట మీద వేశాడు చూడు, ఆ ఏడుపు ఇవాళ ఒక కండక్టరమ్మకి రాసిచ్చేశాను!”