పాత గొట్టాలు

"ఇంజిన్‌లో టర్బో ఒక్కటి మారిస్తే చాలు," అన్నాడు మ్యోంగ్, గ్యారేజీలో మెకానిక్‌తో. తండ్రి పోయాక డేగులోని కంపెనీ, కారు, డ్రైవర్ ప్యో అతని చేతికొచ్చాయి.

"కాదు చిన్నసారూ," ప్యో అడ్డుపడ్డాడు. "మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి. టర్బోకి ఆయిల్ అందించే గొట్టాల నిండా మడ్డే. అవీ మార్చాలి."

"ఇన్నేళ్లూ పనిచేశాయిగా?"

"పాత టర్బోతో పనిచేశాయి. కొత్తదాన్ని బతకనివ్వవు. పాతవని జాలిపడకండి."

మ్యోంగ్ అతనికేసి చాలాసేపు చూసి, "సరే, అన్నీ మార్చెయ్యి," అన్నాడు మెకానిక్‌తో.

సాయంత్రం మెకానిక్ కారు తాళాలు ప్యోకివ్వబోతే మ్యోంగ్ అందుకున్నాడు.

"మీరు చెప్పిందే నిజం ప్యో గారూ. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

విప్పిన పాత సామాను ఆనవాయితీగా అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు మెకానిక్. "ఇవి ఎవరికివ్వమంటారు?"

"ఆయనకే ఇవ్వు," అన్నాడు మ్యోంగ్, కారెక్కుతూ. "బస్సులో పట్టుకెళ్తారు."