పతకాలు ఎవరివి?

ప్రపంచ న్యాయస్థానం విచారణలు ఇంటి గోడల మీదికి వచ్చేసిన రోజులవి. తీర్పరుల్ని లాటరీ తీసి ఎంచేవారు. ఆ ఉదయం తెనాలిలో మంగతాయారు వంతు వచ్చింది. ఆమె గోంగూర ఒలుస్తూ గోడకెదురుగా కూర్చుంది. గోడ మీద ఒక మాజీ సేనాధిపతి కళ్ళొత్తుకుంటున్నాడు.

"ఊళ్ళు తగలబెట్టింది సైనికులు. నాకేమీ తెలియదమ్మా!"

"పాపం, పెద్దాయన," అన్నాడు భర్త నరహరి.

"మీరుండండి. ఏమయ్యా, ఆ ఊళ్ళు గెలిచినందుకు పతకాలు ఎవరికిచ్చారు?"

"నాకే," అన్నాడతను ఛాతీ నిమురుకుంటూ.

"గెలిచిన సంగతి తెలిసింది గానీ, తగలబెట్టిన సంగతి తెలియలేదా?"

సేనాధిపతి ఛాతీ మీది చెయ్యి తీసేశాడు. ఆమె చెయ్యి తుడుచుకుని 'దోషి' అని నొక్కింది. గోడ మీదే ఓ మూల, సాక్ష్యానికొచ్చిన ఆ ఊళ్ళ ఆడవాళ్ళు మొదటిసారి తలెత్తారు.

అంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

"పాలు చూస్తూండమన్నానుగా!"

"నాకేం తె..." అనబోయిన నరహరి, గోడ వంక చూసి, నోరు మూసుకుని మసిగుడ్డ అందుకున్నాడు.