తిరగని పన్ను

"ఊరికే బొంకకు. రాత్రిళ్ళు అలైనర్ తీసేస్తున్నావు కదూ?" అంది పళ్ళ డాక్టరమ్మ, కుర్చీలో పడుకున్న కూతురి నోట్లోంచి అద్దం బయటికి తీస్తూ.

"తీయలేదమ్మా. తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు తప్ప."

"మరి ఇదేమిటి?"

కంప్యూటరు తెర మీద, చికిత్సకి ముందే వేసుకున్న నమూనాలో, కోరపన్ను అనుకున్నట్టే తిరిగి, బుద్ధిగా వరసలో నిలబడింది. నోట్లోది మాత్రం ఇంకా పక్కచూపులు చూస్తోంది.

"పెట్టుకుంటే తిరగదూ? నా కళ్ళకే గంతలు కడతావా?"

కూతురు పక్కనున్న అలైనర్ అందుకుని తల్లి చేతిలో పెట్టింది. రాత్రంతా పళ్ళు నూరిన గీతలతో పళ్ళని వరసలోకి తెచ్చే ఆ పల్చటి ప్లాస్టిక్ తొడుగు మసకబారిపోయి ఉంది.

"ఇందాక వెళ్ళినాయనకీ ఇదే పన్ను తిరగలేదుగా. ఆయన్ని ఏమీ అనలేదు నువ్వు. 'మీ తప్పేం లేదండీ, కోరపన్ను గుండ్రంగా ఉంటుంది, అలైనర్‌కి పట్టు చిక్కదు, తెర మీద తిరిగినంత నోట్లో తిరగదు' అన్నావు. బయట కూర్చుని విన్నాను."

డాక్టరమ్మ అలైనర్‌ని వెలుగుకి పట్టి ఆ గీతలు చూసింది. ఆ మాట ఆమె రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటుంది. కూతురి దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

"నోరు తెరువమ్మా, మళ్ళీ చూస్తాను," అంది మెల్లగా.

"నా నోరెందుకు? తెరలో చూసుకో," అంది కూతురు.